మా తండ్రిగారు: ఆకాశమూ, ఆటస్థలమూ

ఈ సంచికకు ఏదైనా వ్రాయవలసిందని సంపాదకవర్గం వారు కోరినప్పుడు, ఇక్కడ చాలాకాలం తెలుగు బోధించినదాన్ని కనుక ఏ ప్రబంధాన్ని గురించో వ్రాస్తానని వారు ఆశించి ఉండవచ్చు. కాని మన కళాశాల మైదానంలో సాయంకాలం బంతి ఆడే పిల్లలను చూచినప్పుడెల్లా నాకు జ్ఞాపకం వచ్చేది ప్రబంధాలు కావు, మా నాన్నగారు. ఆయన విమానచోదకులు. నిష్ఠాపరులైన కథోలిక క్రైస్తవులు. ముప్ఫై ఏళ్లకు పైగా సికింద్రాబాదు కుర్రవాళ్లకు ఫుట్‌బాల్ నేర్పినవారు. ఆయన పోయి చాలా ఏళ్లయినా ఆయనను గురించి నేను ఒక్క పుట కూడా వ్రాయలేదు. విద్యార్థినీ విద్యార్థులు, కళాశాల కమిటీ పెద్దలు ఈ స్వవిషయాన్ని సహిస్తారని నమ్ముతున్నాను.

మా తాతగారు ఫిరంగిపురం ప్రాంతం నుండి వచ్చి లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరారు. కొడుకును కూడా ఆ వర్క్‌షాపులోనే చేర్చాలని ఆయన కోరిక. కొడుకు చూపు మాత్రం బేగంపేట వైపు ఉండేది. ఎలాగో విమానం నడపడం నేర్చుకొని, 1952 లో డెక్కన్ ఎయిర్‌వేస్‌లో సహచోదకులుగా చేరారు. మరుసటి సంవత్సరం ఆగస్టులో దేశంలోని ప్రైవేటు విమాన సంస్థలన్నిటినీ ప్రభుత్వం జాతీయం చేయడంతో ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగి అయ్యారు.

ఆ రోజులలో డకోటా విమానం అంటే ఏమిటో నేటి పిల్లలకు చెప్పడం కష్టం. అది తోక నేలకు ఆనించి, ముక్కు పైకెత్తి నిలిచేది. నేలమీద నడిపేటప్పుడు చోదకునికి ఎదుట ఉన్నది సరిగా కనిపించేది కాదు. రాత్రి టపా విమానాలు నడిపినన్నాళ్లు మా కుటుంబం మద్రాసులో ఉన్నది. 1949 జనవరిలో ఆరంభమైన ఆ ఏర్పాటు విచిత్రమైనది. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరాల నుండి రాత్రివేళ బయలుదేరిన నాలుగు విమానాలూ అర్ధరాత్రికి నాగపూరులో కలుసుకొనేవి. టపా సంచులను, ప్రయాణికులను ఒకదానినుండి మరొకదానికి మార్చుకొని తెల్లవారేసరికి ఎవరి ఊరికి వారు తిరిగి చేరేవారు. నాన్నగారు అలా వచ్చి, నిద్రపోకుండా, ఏకరూప దుస్తులతోనే శాంథోం గుడికి పూజకు వెళ్లేవారు. ఆయన చొక్కా ఎడమ జేబులో జపమాల, కుడి జేబులో పెన్సిలు. విమానయానం చేసేవారికి లొరెటో మాతను పాలకురాలిగా 1920 లో పోపుగారు ప్రకటించారని ఆయన చెప్పగా విన్నాను. డిసెంబరు 10 ఆమె పండుగ. ఆ రోజు మా ఇంట పాయసం.

హైదరాబాదుకు తిరిగి వచ్చాక ఆయనకు బంతి పిచ్చి పట్టిందని మా అమ్మ అనేది. నిజానికి అది అంతకు ముందునుండీ ఉన్నదే. 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టును, ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబును ఆయన యౌవనంలో కళ్లారా చూచారు. ఇప్పటి విద్యార్థులకు రహీం సాహెబు పేరు 2024 లో వచ్చిన ‘మైదాన్’ చలనచిత్రం వలన తెలిసి ఉండవచ్చు. పాఠశాల ఉపాధ్యాయునిగా జీవితం ఆరంభించి, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో భారతజట్టును నాలుగవ స్థానానికి, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణపతకానికి చేర్చి, మరుసటి జూన్‌లోనే కేన్సరుతో కన్నుమూసిన మహనీయుడు ఆయన. బంతిని ఒక్క తాకుడుతోనే అందించాలనే నియమంతో, కుడికాలి వాటం పిల్లలు ఎడమకాలితోనే తన్నాలనే నియమంతో ఆయన పోటీలు పెట్టేవారు. మా నాన్నగారు ఆ రెంటినీ యథాతథంగా తీసుకొన్నారు. ఆదివారం పూజ ముగియగానే మారేడుపల్లి దగ్గర ఒక బడి ఆటస్థలంలో ఎడమకాలి ఆట. సెలవుదినాలలో ఒక్క తాకుడు ఆట. పిల్లలు ఆయనను ‘కెప్టెన్ సాబ్’ అనేవారు. వాళ్లను ఉర్దూలో తిట్టి, ఇంటికి వచ్చి తెలుగులో జపమాల చెప్పేవారు. గుడిలో మాత్రం, పూజ దేశభాషలలోకి మారిన తరువాత కూడా, పాత లాటిన్ మాటలు ఆయన పెదవులపై మెదులుతుండేవి.

ఆటకు ముందు పిల్లలు వరుసగా నిలబడి గట్టిగా అప్పజెప్పవలసిన జాబితా ఒకటి ఉండేది. బూటు లేసులు, గోళ్లు, మోకాళ్ల పాతగాయాలు, నీళ్లు. విమానం ఎక్కేముందు చదివే జాబితాకు అది నకలు. నాణెం ఎగరవేసే ముందు చిటికెడు దుమ్ము గాలిలోకి విడిచి, అది ఎటు పోతుందో చూచి, ఏ గోలు కోరుకోవాలో నాయకునికి చెప్పేవారు. ప్రతి ఆటకూ నాయకుడు మారవలసిందే. బాగా ఆడేవానికి ఇది నచ్చేది కాదు, నాన్నగారు లక్ష్యపెట్టలేదు. గెలుపుకోసం ప్రార్థన చేయించమని ఒక తల్లి అడిగితే, అవతలి జట్టులోనూ పిల్లలే ఉన్నారని జవాబు చెప్పి పంపివేశారు.

చోదకులకు ప్రతి ఆరు నెలలకూ వైద్యపరీక్ష ఉండేది. 1979 లో ఆయనకు నలభై ఎనిమిదవ ఏట ఆ పరీక్షలో గుండె లయలో దోషం కనిపించింది. ఇక విమానం నడపరాదన్నారు. ఆఫీసులో కుర్చీ ఇచ్చారు. ఆయన ఇంటికి వచ్చి టోపీని అలమారులో పెట్టి, అన్నం తిన్నారు. మాతో ఆ విషయం మాట్లాడలేదు. మరునాడు తెల్లవారి యథాప్రకారం సెయింట్ మేరీస్ గుడికి వెళ్లారు. అయితే ఆ కొన్ని వారాలు జపమాల ఆయన చేతిలో నేను చూడలేదు. అమ్మ ఒక్కతే చెప్పేది, ఆయన పక్కన కూర్చొనేవారు, పెదవి కదిపేవారు కారు. ఆయన విశ్వాసం సడలిందని నేను అనుకోను. దేవునితో మాట్లాడకపోవడం కూడా దేవునితో మాట్లాడేవారికే సాధ్యమేమో. ఒక సాయంకాలం ఎవరూ పిలవకుండానే మా అమ్మ చెప్పే జపానికి మధ్యలో గొంతు కలిపారు. ఏమైందని మేము అడుగలేదు.

బేగంపేటకు దిగే విమానాలు ఆ ఆటస్థలం మీదుగానే పోయేవి. పిల్లలందరూ తలలెత్తేవారు. ఆయన ఎత్తేవారు కారు. ‘బోయింగు’ అనో, ‘ఆవ్రో’ అనో శబ్దాన్ని బట్టి చెప్పి, ‘బంతిని చూడండి’ అనేవారు. అది నిగ్రహమా, నొప్పియా అన్నది నాకు నేటికీ తేలలేదు. 2008 లో బేగంపేట నుండి ప్రయాణికుల విమానాలు శంషాబాదుకు తరలిపోయినప్పుడు ఆయన లేకపోవడమే మంచిదయిందని మాత్రం అనుకొన్నాను.

1992 డిసెంబరును గురించి చెప్పక తప్పదు. అయోధ్య సంఘటన తరువాత మన నగరంలోనూ కర్ఫ్యూ విధించారు. అది తొలగించాక ఆటకు వచ్చినవారు నలుగురు. నాన్నగారు స్కూటరుమీద ప్రతి పిల్లవాని ఇంటికీ వెళ్లారు. వెనుక నేను కూర్చొన్నాను, ఆయన గుండె సంగతి తెలుసు కనుక. ముషీరాబాదులో ఒక పిల్లవాని తాతగారు మాకు చాయ్ ఇచ్చి, ‘కెప్టెన్ సాబ్, మీమీద నమ్మకం లేక కాదు, దారిమీద నమ్మకం లేదు’ అన్నారు. మరొక వీధిలో ఒక హిందూ పిల్లవాని తల్లి సరిగ్గా అదే మాట వేరే భాషలో అన్నది. నాన్నగారు వాదించలేదు. మరునాటి నుండి తెలిసినవారి పాత అంబాసిడర్ అడిగి తెచ్చి, రెండు విడతలుగా పిల్లలను తానే తెచ్చి, తానే దింపారు. ఫిబ్రవరి నాటికి అందరూ తిరిగి వచ్చారు.

ఆ ఫిబ్రవరి చివరి వారంలో రంజాన్ మాసమూ మా తపస్సు కాలమూ దాదాపు ఒకేసారి ఆరంభమయ్యాయి. రోజా ఉన్న పిల్లలను పరుగెత్తించరాదని, ఆ నెల అంతా నిలబడి బంతి అందించుకొనే ఆట మాత్రమే పెట్టి, ఇఫ్తారుకు ముప్పావుగంట ముందే ముగించేవారు. తాను కూడా మైదానంలో నీళ్లు ముట్టలేదు. మా విచారణలోని ఒక పెద్దమనిషి దీనిని పరిహాసం చేస్తే నవ్వి ఊరుకొన్నారు. ఆ నెలలో మా పిల్లల అందింపులు మునుపెన్నడూ లేనంత చక్కబడ్డాయి, ఇది మాత్రం నేను చూచి చెబుతున్నాను.

1997 వర్షాకాలంలో ఆయన పోయారు. గుడి బయట ముస్లిం కుర్రవాళ్లు, మీసాలు వచ్చినవాళ్లూ రానివాళ్లూ, లోపలికి రావచ్చునో లేదో తెలియక నిలబడి ఉంటే గురువుగారే బయటికి వచ్చి పిలిచారు. సమాధుల తోట వరకు పెట్టెను మోసినవారిలో సగం మంది వాళ్లే.

ఆయన లాగ్‌బుక్కు నా దగ్గర ఉన్నది. 1979 లో చివరి ప్రయాణం క్రింద రెండు గీతలు గీసి, మొత్తం గంటలు కూడి వ్రాశారు. ఆ పైని ఖాళీపుటలను ఆయన వృథా పోనివ్వలేదు. తేదీ గడిలో ఆట జరిగిన రోజు, విమానం గడిలో వచ్చిన పిల్లల సంఖ్య, కమాండరు గడిలో ఆనాటి నాయకుని పేరు. ఆ పేర్లలో చాలామంది ఇప్పుడు తాతలయ్యారు. చిట్టచివరి పంక్తిలో ఎదురుగా ‘వర్షం, ఆట లేదు’ అని ఉన్నది. అయినా కమాండరు గడిలో ఒక పిల్లవాని పేరు వ్రాసి ఉంచారు, ఆరోజు వంతు అతనిది.