మ్యూజియములో సమ్మర్దము

తిరునాళ్ళలో వేలమంది నడుమ నలిగియు ‘జనము నిండుగా వచ్చిరి’ అని సంతసించు మనము, మహమ్మారి దినములలో మ్యూజియమున నలుగురిని జూచి ‘ఎంత గుంపు!’ అని గడపకడనే నిలిచిపోతిమి. అంతకు ముందు మా సీమలో మ్యూజియములకు జనము రారను చింతయే నాకుండెడిది. కడపలో 1982లో స్థాపించిన భగవాన్ మహావీర్ ప్రభుత్వ మ్యూజియమునందలి శిల్పములను మఱింతమంది చూడవలెనని కోరుకొనెడివాడను.

2020 మార్చి 17న కేంద్ర పురావస్తుశాఖ తన కట్టడములను, మ్యూజియములను మూసివేసి, జులై 6 నుండి క్రమముగా తెఱచినది. ఆ యేప్రిలు నెలాఖరున ఆంధ్రప్రదేశములో రోగులు అత్యధికముగా నున్న జిల్లా కర్నూలే. కావున మా భయము నిష్కారణము కాదు. అయితే ఆ భయము దేనిని గొలిచినది?

ఒకచోట నున్న జనసంఖ్య వేఱు, ఇఱుకుగా నున్నదను భావము వేఱు అని డేనియల్ స్టోకల్స్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1972లో వివరించెను. ఈ భేదము మనలో తేటగా గానవచ్చినది. బంధువులు భుజములు రాసికొని నిలిచినను ఇఱుకనిపింపలేదు. మాసినబట్టల కూలివాడు నాలుగడుగుల దూరమున నిలిచినను ఇఱుకనిపించినది.

వ్యాధికి చుట్టఱికము లేదు. అది గాలిలోను వ్యాపించునని 239 మంది శాస్త్రజ్ఞులు 2020 జులైలో హెచ్చరించిరి. కావున చూడవలసినవి గది వైశాల్యము, గాలి రాకపోకలు, లోపల గడపిన కాలము, బిగ్గఱగా మాటలాడుట. గండికోటలో పెన్న లోయ యంచున గాలికి నిలిచిన 50 మందికంటె, కిటికీలు మూసిన గదిలో మాటలాడుచున్న 10 మంది యెక్కువ ప్రమాదకరము.

ఎడము పాటించుట మన దేశమునకు క్రొత్త గాదు. కాని అది కొందఱినుండి మాత్రమే పాటించిన యెడము. అందఱును అందఱికిని దూరముగా నుండుట ఆరోగ్యధర్మము. వేషము జూచి యొకనినుండి తొలగుట మాత్రము పాత అంటరానితనము ముక్కుగుడ్డ కట్టుకొని మరల వచ్చుటయే.

2020 సెప్టెంబరు 21న తాజ్ మహల్ తెఱచినప్పుడు దినమునకు 5,000 మందియని హద్దు విధించిరి. అట్టి లెక్క ధనికునకు, దరిద్రునకు నొక్కటే. మఱల నిట్టి కాలము వచ్చినచో, ప్రతి గదికిని దాని గాలినిబట్టి పరిమితి నిర్ణయించి, తలుపుకడ వ్రాసి, వచ్చినవారిని వచ్చిన వరుసనే పంపవలెను. ఎవరు లోనికి రావలెనో ఆ పలక చెప్పవలెను గాని, లోపలివారి చూపులు చెప్పరాదు.