మాటకు క్రొత్త త్రోవ

కన్నబిడ్డల పలుకు వినగోరని తల్లిదండ్రులుండరు. బిడ్డలు సముద్రములు దాటిపోయినప్పుడు ఆ కోరిక మరింత హెచ్చును. ఒకప్పుడు దూరదేశమునకు ట్రంకుకాలు చేయగోరువారు ముందుగా పేరు నమోదు చేయించుకొని, గంటల తరబడి నిరీక్షింపవలసి యుండెను. మూడు నిమిషముల మాటకు పెక్కు రూపాయలు వ్యయమగుచుండెను. ఆ యిబ్బందిని తొలగించిన సాధనములలో కంప్యూటరు ఒకటి.

2004వ సంవత్సరమున తెనాలినుండి వృద్ధదంపతులు అమెరికాలోని తమ కుమారుని యింటికి వెళ్లిరి. తండ్రి లెక్కల మాస్టరుగా పనిచేసి విశ్రాంతి గైకొన్నవాడు. కుమారుడు అంతకు ముందే తీగ టెలిఫోనును తీసివేయించి, ఇంటర్నెట్టునకు తగిలించిన చిన్న పెట్టె ద్వారా ఫోను అమర్చుకొని యుండెను. ఖర్చు స్వల్పము. తల్లి ప్రతిదినము తెనాలిలోని చెల్లెలితో తనివితీర మాటలాడుచుండెను.

“నాయనా! ఈ పెట్టెలోనుండి మాట యెట్లు పోవుచున్నది?” అని తండ్రి యొకనా డడిగెను.

“నాన్నగారూ! ఈ యంత్రము మన కంఠధ్వనిని సెకనుకు 8000 పర్యాయములు కొలుచును. ప్రతి కొలతయు ఒక అంకె యగును. ఆ యంకెలను సెకనుకు ఏబది చొప్పున చిన్న చిన్న మూటలుగా గట్టి, ఒక్కొక్క మూటపై చేరవలసిన చిరునామా వ్రాసి పంపును. మూటలన్నియు ఒకే దారిని పోనక్కరలేదు. ఆవలి యంత్రము వానిని వరుసగా పేర్చి మరల ధ్వనిగా మార్చును. మనకు వచ్చు పిలుపులును ఇట్లే మూటలై వచ్చి ఈ గంటను మ్రోగించును.”

“మూటలు ఆలస్యమైనచో?”

“మాట తెగి తెగి వినబడును. ఆవలి చెవికి చేరుటకు 150 మిల్లీసెకనులు మించినచో సంభాషణ చిక్కుపడును.”

తండ్రి మిక్కిలి సంతోషించెను.

శీతకాలమున ఒకనాటి సాయంకాలము మంచు తుపాను వీచెను. కుమారు డింకను పనినుండి తిరిగి రాలేదు. సెల్‌ఫోను అతని చెంతనే యుండెను. ఇంతలో విద్యుత్తు పోయి ఇల్లంతయు చీకటి యయ్యెను. తల్లికి గుండెలో నొప్పి బయలుదేరెను. తండ్రి తడుముకొనుచు పోయి ఫోనెత్తెను. అది మూగవోయి యుండెను. పెట్టెపై దీపములన్నియు ఆరిపోయినవి.

ఆ వృద్ధుడు శాలువ కప్పుకొని, మోకాటిలోతు మంచులో పొరుగింటికి నడచిపోయి తలుపు తట్టెను. ఆ యింట కూడ చీకటియే. కాని అచట ఒంటరిగా నుండు ముదుసలి తన వంటయింటి గోడకున్న పాత తీగ ఫోనెత్తి 911 అంకెలు నొక్కెను. వెంటనే జవాబు వచ్చెను. కొంతసేపటికి అంబులెన్సు వచ్చి తల్లిని ఆసుపత్రికి చేర్చెను. ఆమె ప్రాణము దక్కెను.

మరునాడు తండ్రి, “ఆ యింటను విద్యుత్తు లేదు గదా! ఆమె ఫోనెట్లు పలికెను?” అని అడిగెను.

కుమారుడు తల వంచుకొనెను. “ఆ ఫోనుకు కావలసిన కరెంటును ఎక్స్ఛేంజిలోని బ్యాటరీలు తీగవెంటనే పంపుచుండును. ఊరు చీకటియైనను అది పలుకును. మన పెట్టె యింటి కరెంటుపై నాధారపడినది. ఇది నాకు తెలియనిది కాదు. చౌకదనము చూచి, దానిని తలపకుంటిని” అనెను.

“ఆదాయమును గుణించినవాడు వ్యయమును గూడ గుణింపవలెను, నాయనా!” అని మాత్రము తండ్రి పలికెను. నాటి సాయంకాలమే కుమారుడు ఆ పెట్టెకు బ్యాటరీ కొనితెచ్చి అమర్చెను.

ఆ కాలమున అట్టి ఫోన్లలో మరియొక కొరతయు గలదు. తీగ ఫోనునుండి పిలిచినచో ఏ యింటినుండి పిలిచిరో సహాయకేంద్రమునకు తెలియును. ఇంటర్నెట్టు ఎచటనున్న నచట పలుకు ఫోనునకు స్థిరమైన చిరునామా లేదు. అందుచే 2005లో అమెరికా ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్, ఇట్టి సేవ నొసగు సంస్థలు వాడుకదారు నమోదు చేసిన చిరునామాను సహాయకేంద్రమునకు అందజేయవలెనని ఉత్తరువు చేసెను.

క్రొత్త సాధనము వచ్చినప్పుడు దానిని స్వీకరించుట వివేకమే. కాని పాతది మనకు తెలియకుండ చేయుచుండిన మేలేమో ముందుగా విచారించి, ఆ మేలు కొరవడకుండ ఏర్పాటు చేసికొనుట అంతకంటె వివేకము.