ఆఖరి అంకె

మీలో అమెరికా హెల్త్‌కేర్ ప్రాజెక్టుల్లో పనిచేసేవాళ్ళకి ఐసీడీ కోడ్ల గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. మిగతావాళ్ళ కోసం క్లుప్తంగా చెప్తా. డాక్టరు రాసిన ప్రతి జబ్బుకీ, గాయానికీ ఒక కోడ్ ఉంటుంది. అమెరికాలో 2015 అక్టోబర్ 1 నుంచి వాడుతున్నది ఐసీడీ-10-సీఎం. చిలక కరిస్తే కూడా అందులో కోడ్ ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో అలాంటివి వెతుక్కుని టీమంతా పడీ పడీ నవ్వుకునేవాళ్ళం :)

అందులో ఓ మూల జెడ్ 18 అని ఒక చిన్న కుటుంబం ఉంది. ఒంట్లో దిగి, బయటికి తియ్యకుండా మిగిలిపోయిన ముక్కల కోసం. చెక్క, గాజు, రాయి, ప్లాస్టిక్, ఆఖరికి డిప్లీటెడ్ యురేనియం దాకా. లోహానికి మూడు కోడ్లు. 18.10 అంటే ఎలాంటి లోహమో చెప్పలేదని. 18.11 అంటే అయస్కాంతం లాగేది. 18.12 అంటే లాగనిది.

మొన్నామధ్య మా మ్యాపింగ్ టేబుల్ శుభ్రం చేసే పని నాకు పడింది. ఈ మూడూ వాడిన రికార్డులు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. "మూడూ కలిపి 18.10లో పడేద్దాం, ఎవరికి నష్టం?" అని మెయిల్ కొట్టా. ఎవరూ అడ్డు చెప్పలేదు. ఆ మార్పు విడుదల కావడానికి ఇంకా వారం ఉంది.

ఆ శనివారమే మా బాబాయ్‌ని ఖమ్మంలో ఎమ్మారై స్కానింగుకి తీసుకెళ్ళాల్సొచ్చింది. నడుం నొప్పి, కాలు తిమ్మిరి. ఆయనది చర్ల వైపు. ఒకప్పుడు తునికాకు కల్లేదారుగా చేశాడు. భద్రాచలం దాటి పైకి వెళ్ళినవాళ్ళకి తెలుసు, ఆ రోడ్డుకి ఒక పక్క గోదారి, ఇంకో పక్క అడవి, అడవి దాటితే ఛత్తీస్‌గఢ్.

స్కానింగ్ సెంటర్లో ఇంగ్లీషు ఫారం ఇచ్చారు. ఒంట్లో ఇంప్లాంట్లు ఏమైనా ఉన్నాయా అని ఒక ప్రశ్న. లేవన్నాడు. నేను టిక్కు పెట్టేశా. ఉంగరం, మొలతాడు తీయించారు. ఆయన లోపలికి వెళ్ళబోతుంటే మా పిన్ని నా చెవిలో మెల్లిగా అంది, "ఒరేయ్, మీ బాబాయ్ పిక్కలో మేకు ముక్కలున్నాయి కదరా, పర్లేదా?"

నాకు చెమటలు పట్టాయి.

నేను ఎల్కేజీలో ఉన్న రోజుల్లో కల్లం నుంచి వస్తుంటే దారిలో మందుపాతర పేలిందట. ఆయన దూరంగా ఉండబట్టి బతికాడు. మాకందరికీ మాత్రం రైస్ మిల్లులో దెబ్బ తగిలిందనే చెప్పారు. ఆ రోజుల్లో బాంబు దెబ్బ అంటే ప్రశ్న దెబ్బ గురించి ఉండదు. ఆ దారిన ఎందుకెళ్ళావ్? నీకెవరు చెప్పారు? ఎవరి మనిషివి? పోలీసులు ఒకలా అడుగుతారు, లోపలివాళ్ళు ఇంకోలా అడుగుతారు. అందుకని ఇరవయ్యేళ్ళుగా అది రైస్ మిల్లు మేకే.

నేను పరిగెత్తి చెప్పా. ముందు ఎక్స్‌రే తీశారు. పిక్కలో రెండు తెల్లటి చుక్కలు. రేడియాలజిస్టు ఓపిగ్గా చెప్పాడు. ఎక్స్‌రేలో లోహం ఉందని తెలుస్తుంది గానీ, అది అయస్కాంతం లాగేదో కాదో తెలీదట. ఇనుమైతే లాగుతుంది. సీసం, అల్యూమినియం అయితే లాగదు. కండలో పాతుకుపోయిన ముక్కలు చాలావరకు కదలవు, కంట్లోనో పెద్ద రక్తనాళం పక్కనో ఉంటేనే అసలు భయం అన్నాడు. కంట్లో ఉక్కు రజను ఉన్న సంగతి తెలీక ఎమ్మారై తీసి, ఒక లోహపు పనివాడికి ఆ కన్ను పోయిన కేసు 1986లోనే వైద్య పత్రికలో వచ్చింది. ఆఖరికి బాబాయ్‌కి సీటీతో సరిపెట్టారు.

బాబాయ్ విషయంలో నిజాయితీగా పెట్టాల్సిన కోడ్ 18.10. తెలీదు అని. నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, తెలిసినవాళ్ళ రికార్డుని కూడా తెలీదులో కలిపెయ్యడం. నల్‌కీ విలువకీ తేడా ఫ్రెషర్లకి క్లాసులు పీకే నేనే ఆ పని చేశా. సోమవారం పొద్దున్నే నా మెయిల్ మీద నేనే అభ్యంతరం రాసి మార్పు వెనక్కి తీయించా.

ఈ ముక్కల్ని పట్టించుకోవడం చాదస్తం కాదు. ఇరాక్, అఫ్ఘానిస్తాన్ నుంచి ఒంట్లో ముక్కలతో తిరిగొచ్చిన సైనికుల్ని కనిపెట్టి ఉండటానికి అమెరికాలో బాల్టిమోర్‌లో 2008లో ప్రత్యేక కేంద్రమే పెట్టారు. కీళ్ళలో ఇరుక్కున్న సీసం ఏళ్ళ తరబడి మెల్లిగా కరిగి రక్తంలోకి చేరుతుంది కూడా. మన దగ్గర? 2024 జూన్‌లో వాజేడు మండలంలో కట్టెలకి అడవికెళ్ళిన ఒకాయన ప్రెషర్ బాంబు పేలి చనిపోయాడు. 2025 వేసవిలో కర్రెగుట్టల ఆపరేషన్ అయ్యాక 450 మందుపాతరలు దొరికాయని బలగాలు ప్రకటించాయి. చనిపోయినవాళ్ళు పేపర్లోకి ఎక్కుతారు. పిక్కలో ముక్కతో బతికిపోయినవాళ్ళు ఎక్కడా ఎక్కరు. వాళ్ళ రికార్డల్లా బీరువాలో ప్లాస్టిక్ కవర్లో పెట్టిన ఎక్స్‌రే ఫిల్మే, అదీ చెదలు పట్టకపోతే.

తిరిగొచ్చేటప్పుడు కార్లో బాబాయ్‌తో అన్నా, "ఈసారి డాక్టరు రాసే కాగితంలో ఇది రాయించుకో బాబాయ్."

"ఎవరు పెట్టిన బాంబని రాస్తార్రా?" అన్నాడు.

ఆ కోడ్ల పుస్తకంలో ఎలా జరిగిందో చెప్పడానికి వేరే అధ్యాయం ఉంది. అందులో టెర్రరిజం అని వై 38 వెయ్యాలంటే ఎఫ్‌బీఐ ఆ సంఘటనని అలా గుర్తించి ఉండాలి. జెడ్ 18కి ఆ గొడవ లేదు. ముక్క ఉందా, దేనిది, అంతే.

"ఎవరిదని రాయరు బాబాయ్. కాల్లో లోహం ఉందని రాస్తారు."

చాలాసేపు మాట్లాడలేదు. కొత్తగూడెం దాటాక అన్నాడు, "అంతే అయితే రాయించు."

మీ ఊళ్ళో, మీ ఇంట్లో ఇలాంటి రైస్ మిల్లు మేకులు ఎవరికైనా ఉంటే ఒకసారి అడగండి. ఎలా దిగిందని కాదు, ఎక్కడుందని మాత్రం అడగండి. ఒక కాగితం మీద రాసి, ఫోన్లో ఫోటో తీసి పెట్టండి.