ముఖము ఎవరి సొత్తు?

పొలముగట్టు జరిగినచో తగవు పుట్టును. ప్రహరీగోడ జానెడు ముందుకు వచ్చినచో వ్యాజ్యము పుట్టును. ఇది మనమెల్లర మెఱిగినదే. మనిషి ముఖమును గూర్చి గూడ వ్యాజ్యములు కలవని మేము నిరుటివఱకు తలంపలేదు. మా వారి నడుమనే యట్టి తగవు వచ్చుటచే దానిని గూర్చి కొంత తెలిసికొనవలసి వచ్చినది.

మా అన్నగారి కుమార్తె వివాహము గుణదలలోనే జరిగినది. ఫోటోలు తీయుట కొక స్టూడియోవానిని కుదిర్చి, అడిగిన సొమ్మంతయు ముట్టజెప్పిరి. నాలుగు మాసములైన పిమ్మట ఆ పిల్ల అత్తగారు ఏలూరు రోడ్డున ఆటోలో పోవుచు ఒక బట్టల దుకాణముపై నిలువెత్తు ఫ్లెక్సీని చూచినది. పెండ్లిచీరతో తలవంచి నవ్వుచున్న యా బొమ్మ తన కోడలిదే! ఆ సాయంకాలమే మా వదినెకు ఫోను చేసి, "వదినగారూ, మీ పిల్ల బొమ్మను దుకాణమునకు మీరే యిచ్చితిరా?" అని యడిగినది. పిల్ల మా యింటికి వచ్చి, "అత్తయ్యా, ఇందులో నేను చేసిన తప్పేమి?" అని యేడ్చినది. మాకు నోట మాట రాలేదు.

మఱునాడు స్టూడియోకు పోయి యడుగగా నాతడు, "తీసినది నేను, కనుక బొమ్మ నాది. సినిమాతార వలె నున్నదని సంతోషింపక కోపమెందుకమ్మగారూ?" అనెను. ఆ మాటలో రెండు ప్రశ్నలున్నవి. బొమ్మ ఎవరిది? తారలైనచో నిజముగా సంతోషింతురా?

రెండవదానికే ముందు సమాధానము చెప్పెదము. గుడివాడ దగ్గరి రామాపురమున పుట్టిన అక్కినేని నాగేశ్వరరావుగారి కుమారుడు నాగార్జునగారు, తమ పేరును రూపమును అనుమతిలేక వాడుచున్నారని ఢిల్లీ ఉన్నతన్యాయస్థానము నాశ్రయించి 2025 సెప్టెంబరులో రక్షణ పొందిరి. ఆ నెలలోనే హైదరాబాదు సిటీ సివిల్ కోర్టు చిరంజీవిగారి పేరు, రూపము, కంఠస్వరము మొదలగువానిని అనుమతిలేక వ్యాపారమునకు వాడరాదని మధ్యంతరపు టుత్తరువు నిచ్చినది. అంతకుముందే, 2012లో, అమితాబ్ బచ్చన్, జయా బచ్చన్ దంపతుల బొమ్మను తన ప్రకటన బోర్డుపై పెట్టుకొనిన ఒక నగలవర్తకుని ఢిల్లీ ఉన్నతన్యాయస్థానము తప్పుపట్టినది. ఆ దంపతులు అట్టి ప్రకటనకు ఒప్పుకొనినది మఱొక సంస్థకు.

సంపన్నులకు ఈ పట్టుదల ఏల యని కొందఱందురు. ప్రసిద్ధుని ముఖమును చూచి జనులు సరకు కొందురు. ఆ నమ్మకము ఆతని జీవితకాలపు సంపాదన. దానిని దొంగిలించుట యొక నష్టము. అంతకు మించిన నష్టము మనది. ఇప్పుడు కృత్రిమమేధచే ఎవరి ముఖమునైనను ఎవరి గొంతునైనను కల్పింపవచ్చును. రామాయణమున రావణుడు మాయచే కల్పించిన శిరస్సును చూపగా సీతాదేవియంతటి యామెయే రాముడు మరణించెనని విలపించెను. సరమ వచ్చి నిజము చెప్పువఱకు దుఃఖము తీరలేదు. ఫోనులో పేరుగల నటుడు మోకాళ్లనొప్పుల మందును పొగడుచు కనబడినచో మన యింటి పెద్దమ్మలు నమ్ముటలో ఆశ్చర్యమేమున్నది?

ఇక మొదటి ప్రశ్న. ఇట్టి బాధ మొదట వ్యాజ్యమెక్కినవారిలో తారలు కాని సామాన్యస్త్రీలును కలరు. అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున అబిగెయిల్ రాబర్సన్ అను కన్య బొమ్మను ఒక పిండిమిల్లువారు తమ ప్రకటనలపై అచ్చువేసిరి. అట్టి ప్రతులు సుమారు 25,000. ఎఱిగినవారు చూచి వెక్కిరింపగా ఆమె మంచము పట్టెను. 1902లో అచటి పైకోర్టు నలుగురు కాదని, ముగ్గురు ఔనని, ఆమెకు హక్కు లేదని తీర్పు చెప్పెను. జనులు మిక్కిలి కోపించిరి. మఱుసటి యేడే అనుమతిలేక ఒకరి పేరును చిత్రమును వ్యాపారమునకు వాడరాదని ఆ రాష్ట్రము శాసనము చేసెను. ఆమె యోడెను గాని తరువాతి ఆడుపిల్లలు గెలిచిరి.

మన దేశమున ఇందుకై ప్రత్యేక శాసనము లేదు. అయినను 1994లో సుప్రీంకోర్టు, ఒకరి పేరును రూపమును వారి సమ్మతి లేక ప్రకటనకు వాడుట ఏకాంతహక్కునకు భంగమని చెప్పినది. ఆ హక్కు రాజ్యాంగము ప్రతిమనిషికి నిచ్చినదని 2017లో తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకముగా తీర్పు చెప్పిరి. ప్రతిమనిషి యనగా తార మాత్రమే కాదు, మా మేనకోడలును. వేఱొక సంగతి. సొమ్మిచ్చి మనము తీయించుకొనిన ఫోటోపై, వేఱు ఒడంబడిక లేనిచో, హక్కు మనదే యని 1957 నాటి కాపీరైటు చట్టము చెప్పుచున్నది. "తీసినవాడను నేను" అను మాట ఇచట చెల్లదు. వార్తకును హాస్యమునకును కళకును మాత్రము న్యాయస్థానములు కొంత స్వేచ్ఛ నుంచినవి. అది లేనిచో పెద్దలను విమర్శించుటయే కష్టమగును.

మావారు బడినుండి వచ్చి, ఈ సంగతులన్నియు నొక కాగితముపై వ్రాసి, రసీదు నకలు జతపఱచి దుకాణమునకును స్టూడియోకును పంపిరి. మూడవనాడు ఫ్లెక్సీ దిగినది. అత్తగారికి ఆ కాగితమే చూపగా ఆమె శాంతించి, కోడలిని దగ్గఱకు తీసికొన్నది. అయినను ఆ పిల్ల నెలదినములు ఏలూరు రోడ్డున తలయెత్తి నడువలేదు. దిగిన బొమ్మకు కోర్టు చాలును. క్రుంగిన మనస్సునకు ఏది చాలును?

ఒక తప్పు ఒప్పుకొని ముగించెదము. సంబంధములు చూచు నెపమున ఎదురింటి పిల్ల ఫోటోను మేము ఆమె నడుగకయే వాట్సాపులో నలుగురికి పంపితిమి. మంచి తలంపుతోనే పంపితిమి. స్టూడియోవాడును తన తలంపు మంచిదే యనుకొనెను గదా! ఆ పిల్ల యింటికి పోయి క్షమింపుమంటిమి. "అడిగి పంపవలసినది, పిన్నిగారూ" అని మాత్రమే ఆమె యనెను.

కాఁబట్టి సోదరీమణులారా, ఫోటోగ్రాఫరును కుదుర్చుకొనునపుడే మన యనుమతి లేక వాడరాదని కాగితమున వ్రాయించుకొనుడు, రసీదును దాచుడు. పేరుగలవాని ముఖము చూచి సొమ్ము పంపకుడు. మోసపోయినచో వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేయుడు. ఇరుగుపొరుగు పిల్లల బొమ్మలను పంపుటకు ముందు ఒక్కమాట అడుగుడు.