రాంగెల్–సెయింట్ ఎలియాస్‌కు బయలుదేరే ముందు

అమెరికాలోని అలాస్కా రాష్ట్రంలో రాంగెల్–సెయింట్ ఎలియాస్ జాతీయ ఉద్యానవనం ఉన్నది. ఉద్యానవనం అనగానే మన మనసులో మెదిలే పూలమొక్కలను, పిల్లల ఊయలలను ముందుగా పక్కన పెట్టాలి. దాని వైశాల్యం సుమారు 53 వేల చదరపు కిలోమీటర్లు. తెలంగాణలో దాదాపు సగం. అమెరికాలోని 16 అత్యున్నత శిఖరాలలో 9 ఇక్కడే ఉన్నాయి. ఇంతటి నేలలోకి వెళ్లే రోడ్లు మాత్రం రెండే.

అమెరికాలో స్థిరపడిన నా పూర్వ విద్యార్థి ఒకరు భార్యాబిడ్డలతో, ఇక్కడి నుంచి వెళ్లిన తల్లిదండ్రులతో కలిసి జూన్‌లో అక్కడికి వెళ్లదలచారు. నమాజు వేళల గురించి నన్ను అడిగారు. సమాధానం వెదుకుతూ ఆ ప్రాంతం గురించి చాలా చదివాను.

జూన్ చివరలో అక్కడ పగలు 19 గంటలకు పైగా ఉంటుంది. సూర్యుడు అస్తమించినా ఆకాశం పూర్తిగా చీకటి పడదు. ఇషాకు గుర్తుగా మనం చదువుకున్న సంధ్యాకాంతి అంతరించడమన్నది ఆ రాత్రుల్లో జరగదు. ఇటువంటి చోట వేళలను అంచనా కట్టుకోవాలని ఉలమాలు చెప్పారు. ఆ అంచనా పద్ధతిలో భిన్నాభిప్రాయాలున్నాయి. కనుక యాంకరేజ్ నగరంలోని మస్జిదులో వేళల పట్టిక తీసుకుని బయలుదేరమన్నాను. ఖిబ్లా సంగతి మరీ విచిత్రం. పడమటికి తిరిగి నిలబడటం మనకు అలవాటు. అక్కడి నుంచి కాబాకు దగ్గరి దిశ దాదాపు నేరుగా ఉత్తరం! దిక్సూచి ముల్లు అక్కడ అసలు ఉత్తరానికి పది డిగ్రీలకు మించి తూర్పునకు మొగ్గుతుంది. ఆ తేడాను సరిచేసుకోవాలి.

చిటినా నుంచి మెకార్తీ వైపు వెళ్లే 96 కిలోమీటర్ల కంకర రోడ్డు పాత రైలుమార్గం మీద వేసినది. అప్పటి ఇనుప మేకులు నేటికీ టైర్లలో దిగుతుంటాయి. కారు అద్దెకిచ్చేవారిలో చాలామంది ఈ రోడ్డుకు అనుమతించరు; ముందే అడిగి తెలుసుకోవాలి. రోడ్డు చివర నది ఒడ్డున వాహనం ఆపి, కాలినడక వంతెన దాటాలి. ఆవల కెన్నికాట్‌లో, 1938లో మూతపడిన రాగి గనికి చెందిన 14 అంతస్తుల ఎర్రని కట్టడం నిలిచి ఉన్నది. వృద్ధులకు, పిల్లలకు అంతవరకు చాలునని నా అభిప్రాయం.

విద్యార్థి మాత్రం చిన్న విమానంలో లోపలికి వెళ్లి, గుడారం వేసుకుని మూడు రాత్రులు గడపాలంటారు. అక్కడ కాలిబాటలు అరుదు, ఫోన్ పలకదు. హిమానీనదాల నుంచి వచ్చే వాగులు ఎండ ముదిరేకొద్దీ పొంగుతాయి. ఉదయం దాటినది సాయంత్రానికి దాటరానిదవుతుంది. ఎలుగుబంట్లు తెరవలేని డబ్బాల్లోనే ఆహారం ఉంచాలి. అన్నిటికన్నా ముఖ్యం, వాతావరణం చెడితే చెప్పిన రోజున విమానం రాదు. ఒక్కోసారి రోజుల తరబడి ఎదురుచూడాలి.

వెళ్లే చోటు, తిరిగి వచ్చే తేదీ ఊళ్లో ఒకరికి రాసి ఇవ్వమన్నాను. హలాల్ ఆహారం యాంకరేజ్‌లోనే కొని, అవసరానికి మించి పట్టుకెళ్లమన్నాను. తండ్రిగారి రక్తపోటు మాత్రలు అదనంగా వారానికి సరిపడా తీసుకోవడానికి ఆయన ఒప్పుకున్నారు. విమానం సంగతి ఇంకా వాళ్లింట్లో తేలలేదు.