లేపాక్షిని పట్టే లెన్స్ ఏది?

లేపాక్షి వెళ్లొచ్చిన ఎవరి ఫోనులో చూసినా మూడు ఫొటోలు తప్పకుండా ఉంటాయి. బసవన్న, ఏడు పడగల నాగేంద్రుడు, గాల్లో వేలాడే స్తంభం. ఉండనిదల్లా ఒక్కటే... తలెత్తి చూసిన పైకప్పు! మెడ నొప్పి పుట్టేదాకా చూసిన ఆ బొమ్మల కోసం ఇంటికొచ్చాక వెతికితే ఓ చెయ్యి, ఓ కిరీటం, సగం చీరకొంగు... అంతే. మొత్తం బొమ్మ ఫ్రేములో పట్టదు. పట్టినా చీకట్లో మసకబారి ఉంటుంది. కొత్తగా మిర్రర్‌లెస్ కెమెరా కొనుక్కున్నవాళ్లకి 'ఓ వైడ్ లెన్స్ ఉంటే బాగుణ్ను' అనిపించేది సరిగ్గా ఇలాంటి చోటే. ఆ వెంటనే గుండెదడా మొదలవుతుంది. మేలిరకం వైడ్ లెన్సుల ఖరీదు ఒక్కోసారి కెమెరా ధరనే మించిపోతుంది మరి! తక్కువలో దొరికేవి లేవా అంటే ఉన్నాయి. వాటిలో ఏది ఎవరికి పనికొస్తుందో తేల్చుకోవాలంటే దుకాణం కన్నా ముందు లేపాక్షి వెళ్లడం మంచిది.

బొమ్మలన్నీ నెత్తిమీదే!

శ్రీసత్యసాయి జిల్లాలో హిందూపురానికి దాదాపు 15 కిలోమీటర్ల దూరంలో కూర్మశైలం అనే చిన్న గుట్ట. తాబేలు వీపులా ఉంటుందని ఆ పేరు. దానిమీదే వీరభద్రస్వామి ఆలయం. విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలంలో, 1530ల ప్రాంతంలో విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించారని చరిత్ర. రావణుడి చేతిలో గాయపడి నేలకూలిన జటాయువును చూసి రాముడు 'లే... పక్షీ' అన్నాడనీ, అదే ఊరిపేరయిందనీ స్థలపురాణం. గుడిని 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేర్చారు.

శిల్పాల సంగతి అందరికీ తెలిసిందే. నాట్యమండపంలో స్తంభానికో కథ ఉంటుంది. రంభ నాట్యమాడుతుంటే దేవతలు వాద్యాలు వాయిస్తుంటారు. మూడు కాళ్ల భృంగీ కనిపిస్తాడు. కానీ అసలు నిధి పైన ఉంది. సున్నపు గచ్చు మీద ఖనిజాల నుంచీ మొక్కల నుంచీ తీసిన రంగులతో వేసిన బొమ్మలవి. పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం, ద్రౌపదీ స్వయంవరం, దూడను పోగొట్టుకున్న ఆవుకి న్యాయం చేసిన మనునీతి చోళుడి కథ... ఇలా వరుసలు వరుసలుగా సాగిపోతాయి. అర్ధమండపం పైకప్పు మీది చిత్రమైతే సుమారు 23 అడుగుల పొడవు, 13 అడుగుల వెడల్పు. ఆసియాలోనే పెద్దదని చెబుతారు.

ఇప్పుడా రంగులు చాలాచోట్ల వెలిసిపోయాయి. కొన్నిచోట్ల గచ్చే రాలిపోయింది. ఒకప్పటి ఆడవాళ్ల చీరల అంచులూ, మగవాళ్ల తలపాగాల తీరూ, నగలూ, జడలూ చూపించే ఆల్బమ్ అది. పోయిన పేజీ మళ్లీ రాదు. అందుకే బాగా తీసిన ఒక్క ఫొటో కూడా ఊరికే పోదు. పదేళ్ల తర్వాత అదే బొమ్మ పక్కన పెట్టి చూస్తే ఎంత మిగిలిందో, ఎంత పోయిందో చెబుతుంది.

ఎన్ని అడుగులు వెనక్కి?

జూమ్ చేయడానికి వీల్లేకుండా ఒకే దూరానికి కుదిరి ఉండే లెన్సుని ప్రైమ్ అంటారు. దగ్గరకి కావాలంటే మనమే ముందుకి నడవాలి, ఎక్కువ పట్టాలంటే మనమే వెనక్కి జరగాలి. ఆరుబయట అయితే ఫర్వాలేదు. పైకప్పుని ఫొటో తీయాలంటే వెనక్కి జరిగేది ఎక్కడికి? నేలలోకి దిగలేం కదా!

చిన్న లెక్క వేసుకుంటే విషయం అర్థమైపోతుంది. తక్కువ ధర మిర్రర్‌లెస్ కెమెరాల్లో ఎక్కువ భాగం ఏపీఎస్-సీ సెన్సర్‌వి. ఆ సెన్సర్ వెడల్పు దాదాపు 23.5 మిల్లీమీటర్లు. దాన్ని లెన్స్ మీద రాసి ఉన్న అంకెతో భాగించి, దూరంతో గుణిస్తే ఫ్రేములో ఎంత వెడల్పు పడుతుందో వస్తుంది. కెమెరాతోపాటు ఇచ్చే కిట్ లెన్సుని 18 ఎం.ఎం. దగ్గర పెడితే పదడుగుల దూరం నుంచి 13 అడుగులు పడుతుంది. 16 ఎం.ఎం. లెన్సుకి దాదాపు 15 అడుగులు. 12 ఎం.ఎం. అయితే ఇంచుమించు 20 అడుగులు. 10 ఎం.ఎం. అయితే 23 పైచిలుకే!

అంటే, ఆ 23 అడుగుల చిత్రం మొత్తం ఒకే ఫొటోలో రావాలంటే 16 ఎం.ఎం. లెన్సుకి దాదాపు 16 అడుగుల ఎడం కావాలి. 12 ఎం.ఎం.కి 12 అడుగులు చాలు. 16కీ 12కీ తేడా నాలుగే అనిపిస్తుంది గానీ, మండపంలోకి అడుగుపెడితే ఆ నాలుగే నలభైలా కనిపిస్తుంది. 50కీ 54కీ మధ్య తేడా ఎవరూ పట్టించుకోరు. వైడ్ లెన్సుల్లో మాత్రం ఒక్కో మిల్లీమీటరుకీ విలువుంది.

ఇక్కడో మెలిక. లెన్స్ మీది అంకె ఒకటే అయినా కెమెరా మారితే ఫలితం మారుతుంది. కెనాన్ 2021లో తెచ్చిన ఆర్ఎఫ్ 16 ఎం.ఎం. ఎఫ్ 2.8 లెన్స్ బరువు 165 గ్రాములే. విడుదలప్పుడు ధర 300 డాలర్ల లోపే. పెద్ద సెన్సర్ కెమెరాకి పెడితే ఎంతో విశాలంగా చూపిస్తుంది. అదే లెన్సుని కెనాన్ చిన్న సెన్సర్ కెమెరాకి తగిలిస్తే 1.6 రెట్ల లెక్కన దాదాపు 26 ఎం.ఎం. చూపే మిగులుతుంది. ఇంచుమించు ఫోను కెమెరా చూపించేంతే! 'పదహారే కదా' అని కొనేసి పైకప్పు కింద నిలబడితే నిరాశే.

రాయి కదలదు... మనుషులు కదులుతారు

వెడల్పు తర్వాత వెలుతురు. గుడి లోపల చీకటి. పాతకాలపు రంగుల మీద ఫ్లాష్ వేయకూడదు. పురావస్తు శాఖ సంరక్షణలోని కట్టడం కాబట్టి ట్రైపాడ్ పెట్టాలంటే ముందుగా అనుమతి ఉండాలి. అందుకే దుకాణాల్లో 'ఎఫ్ 1.4 తీసుకోండి సార్' అంటుంటారు. ఎఫ్ పక్కన అంకె తగ్గేకొద్దీ లెన్సులోకి వచ్చే వెలుతురు పెరుగుతుంది, ధర కూడా! కిట్ లెన్స్ ఎఫ్ 3.5తో పోలిస్తే ఎఫ్ 1.4 ఆరు రెట్ల వెలుతురు లాగుతుంది. ఎఫ్ 2 అయితే మూడు రెట్లు.

కానీ పైకప్పు మీద బొమ్మ ఎక్కడికీ పారిపోదు. నడిచేవాళ్లకి అడ్డం రాకుండా ఓ పక్కన, మడతపెట్టిన తువ్వాలు మీద కెమెరాని వెల్లకిలా పెట్టి, రెండు సెకన్ల టైమర్ నొక్కితే చాలు. షట్టర్ ఓ సెకను తెరుచుకుని ఉన్నా వణుకు ఉండదు. పైగా ఎఫ్ 1.4 దగ్గర చాలా లెన్సులకి అంచులు మెత్తబడతాయి. గోడల బొమ్మ మూలమూలనా స్పష్టంగా రావాలంటే ఎలాగూ ఎఫ్ 5.6 దాకా వెళ్లాల్సిందే. మరి కేవలం పైకప్పు కోసమే అయితే ఎఫ్ 1.4కి డబ్బు పోయడం ఎందుకు?

అదే, వేలాడే స్తంభం దగ్గరకి వెళ్తే కథ వేరు. స్తంభం కింద నుంచి కొంగునో తువ్వాలునో ఇటునుంచి అటు లాగే బామ్మలు, వంగి తొంగిచూసే పిల్లలు, కిందపడి నవ్వే కుర్రాళ్లు... ఒక్క క్షణం ఆగరు. ఇక్కడ సెకను షట్టర్ పనికిరాదు. వెలుతురు లాగే పెద్ద కన్నూ, చటుక్కున గురిపట్టే ఆటోఫోకసూ రెండూ కావాలి. కాబట్టి లెన్స్ కొనేవాళ్లు ముందు వేసుకోవాల్సిన ప్రశ్న 'ఏది మంచిది?' అని కాదు. 'నేను ఎక్కువగా తీసేది కదిలేవాటినా, కదలనివాటినా?' అని. సగం ఖర్చు అక్కడే తేలిపోతుంది.

తక్కువలో ఏమున్నాయి?

బొమ్మలు, శిల్పాలు, గుళ్లు, గుహలు ఇష్టపడేవాళ్లకి మాన్యువల్ ఫోకస్ లెన్సులు వరం. కొరియా కంపెనీ సామ్‌యాంగ్ 2014లో తెచ్చిన 12 ఎం.ఎం. ఎఫ్ 2 ఈ జాతిలో పేరున్న లెన్స్. సెవెన్ ఆర్టిజాన్స్, టీటీ ఆర్టిజాన్ లాంటి చైనా కంపెనీలూ ఇదే కోవలో చవకైనవి చేస్తున్నాయి. 'చేత్తో ఫోకస్ తిప్పుకోవాలా, అమ్మో!' అని జడుసుకోనక్కర్లేదు. 12 ఎం.ఎం. లెన్సుని ఎఫ్ 5.6 దగ్గర పెట్టి, ఒకటిన్నర మీటరుకి ఫోకస్ తిప్పి వదిలేస్తే దాదాపు ముప్పావు మీటరు నుంచి కనుచూపు మేరదాకా అన్నీ స్పష్టంగానే వస్తాయి. ఇక ముట్టుకునే పనే లేదు. ఒక్క జాగ్రత్త. ఇలాంటి లెన్సు ఉన్నట్టు కెమెరా గుర్తించదు. 'లెన్స్ లేకుండా షట్టర్' అనే సెట్టింగ్ ఆన్ చేస్తేనే క్లిక్‌మంటుంది.

మనుషుల్నీ ఉత్సవాల్నీ తీసేవాళ్లకి సిగ్మా 16 ఎం.ఎం. ఎఫ్ 1.4. 2017లో 449 డాలర్ల ధరతో వచ్చింది. వెలుతురూ స్పష్టతా రెండూ ఇస్తుంది కానీ 405 గ్రాముల బరువు. చిన్న కెమెరాకి పెడితే ముందుకి వాలిపోతుంది. బరువు వద్దనుకుంటే విల్‌ట్రాక్స్ 2025లో తెచ్చిన 15 ఎం.ఎం. ఎఫ్ 1.7 ఉంది. ధరలోనూ బరువులోనూ తేలికే. సోనీ కెమెరా ఉండి మరీ విశాలంగా కావాలనుకునేవాళ్లు అదే కంపెనీ 2022లో తెచ్చిన 11 ఎం.ఎం. ఎఫ్ 1.8ని చూడొచ్చు. 181 గ్రాములే. అయితే 'అందుబాటు ధర'కి ఇది పై అంచు. ఏది కొన్నా మన కెమెరా మౌంటుకి సరిపోయేది అడిగి తీసుకోవాలి. సోనీకి చేసింది ఫ్యూజీకి పట్టదు, ఫ్యూజీది నికాన్‌కి పట్టదు. బిల్లూ వారంటీ లేకుండా చవగ్గా వస్తోందంటే ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. బాగుచేయించాల్సి వచ్చినప్పుడు ఆ మిగిలిందంతా అక్కడే పోతుంది.

బసవన్న దగ్గర వైడ్ వద్దు

గుడికి సుమారు 200 మీటర్ల దూరంలో ఏకశిలా నంది. దాదాపు 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు. ఇంత పెద్దదాన్ని పట్టాలంటే వైడ్ లెన్స్ ఉండి తీరాలనుకుంటారు చాలామంది. అక్కర్లేదు! చుట్టూ ఖాళీ స్థలం ఉంది. కిట్ లెన్స్ 24 ఎం.ఎం. దగ్గర పెట్టి ముప్ఫై అడుగులు వెనక్కి జరిగితే మెడలోని గంటల పట్టెడలతో సహా మొత్తం వచ్చేస్తుంది. వైడ్ లెన్సుతో ముందుకెళ్లి నిలబడితే మూతి గుమ్మడికాయంత, ఒళ్లు దూడంత వస్తుంది. గ్రూపు ఫొటోల్లోనూ ఇదే చిక్కు. వైడ్ లెన్స్ ఫ్రేము అంచున నిలబడినవాళ్లని అడ్డంగా సాగదీస్తుంది. పిన్నిగారిని చివర నిలబెడితే ఇంటికెళ్లాక మాట పడాల్సిందే!

లతామండపం స్తంభాలకీ వైడ్ పనికిరాదు. వాటిమీద చెక్కిన తీగలూ పువ్వులూ నేతగాళ్లకి చీరల అంచులయ్యాయి. దగ్గరగా, నిలకడగా తీయాలి. పైకప్పు లేకుండా నిలిచిపోయిన కల్యాణమండపం, నాగేంద్రుడి విగ్రహం మాత్రం ఆకాశంతో కలిపి తీస్తేనే అందం. అక్కడ వైడ్ లెన్స్ మెరుస్తుంది. కెమెరాని పైకి వాల్చకుండా నిటారుగా పట్టుకోవాలి. లేకపోతే స్తంభాలన్నీ వెనక్కి పడిపోతున్నట్టు వస్తాయి.

అందుకే మొదటిసారి ఉన్న కిట్ లెన్సుతోనే వెళ్లిరావాలి. ఇంటికొచ్చి ఫొటోలు ముందేసుకుని, పట్టనివెన్ని, చీకటైనవెన్ని, వణికినవెన్ని లెక్కపెట్టాలి. పట్టనివి ఎక్కువుంటే 12 ఎం.ఎం. వైపు, వణికినవి ఎక్కువుంటే ఎఫ్ 1.4 వైపు. రెండూ తక్కువే అయితే డబ్బు దాచుకోవడమే మేలు. పైకప్పుని ముక్కలు ముక్కలుగా తీసి కంప్యూటర్లో అతికించుకోవచ్చు. అప్పటికీ తేలకపోతే బెంగళూరులో లెన్సులు రోజు అద్దెకిస్తారు. ఓ ఆదివారం తెచ్చుకుని ప్రయత్నించి చూడొచ్చు.

ఇలా వెళ్లొచ్చు

హిందూపురం దాకా రైలు ఉంది. అక్కడి నుంచి బస్సులూ ఆటోలూ దొరుకుతాయి. బెంగళూరు నుంచి 120 కిలోమీటర్లు. 44వ నంబరు జాతీయ రహదారి మీద వచ్చి కొడికొండ చెక్‌పోస్టు దగ్గర మలుపు తిరగాలి. సెలవుల్లో రద్దీ ఎక్కువ. పైకప్పు బొమ్మల కోసమే వెళ్లేవాళ్లు మామూలు రోజున పొద్దున్నే చేరుకుంటే కెమెరా నేలమీద పెట్టుకునే వీలుంటుంది. గర్భగుడిలో ఫొటోలు తీయకూడదు. మిగతాచోట్ల అక్కడి సిబ్బందిని ఓ మాట అడగడం మర్యాద.

లెన్స్ ఏదైనా సరే, క్లిక్‌మనిపించే ముందు కాసేపు ఊరికే తలెత్తి చూడాలి. ఏ బొమ్మ మొత్తంగా కావాలో, ఏది ముక్క చాలో కళ్లే చెబుతాయి. ఆ కళ్లకి అద్దె లేదు, ఈఎంఐ అంతకన్నా లేదు!