తప్పెవరిదని అడిగే ముందు

ఉత్తరాంధ్ర తీరంలో వైద్యం చేసేవాళ్ళు నోట్లోకి టార్చి వేస్తే ముందు అంగిలి చూస్తారు. ఇక్కడి పల్లెల్లో కొందరు ఆడవాళ్ళు చుట్టను వెలిగించి, మండే కొసను నోటి లోపల పెట్టుకుని కాలుస్తారు. దాన్ని అడ్డపొగ అంటారు. గాలికి ఆరిపోదు, పనిలో ఉన్నా నుసి రాలదు. కానీ వేడీ పొగా నేరుగా అంగిలికే తగులుతాయి. ఈ అలవాటుకీ అంగిలి క్యాన్సర్‌కీ ఉన్న లంకెను మన వైద్యులు 1957లోనే ప్రచురించారు.

శ్రీకాకుళం జిల్లాలో ఏళ్ళుగా ఓపీ చూస్తున్న ఒక ఫిజీషియన్ దగ్గరికి అరవై దాటిన ఆమె ఒకరు వచ్చారు. అంగిలి తెల్లగా మందం కట్టి, మధ్యమధ్య ఎర్రటి చుక్కలు, ఓ పక్క మానని పుండు. మానెయ్యమని ఎవరూ చెప్పలేదా అని అడిగాడాయన. "సెప్పినారు బాబూ. మాయమ్మా కాల్సింది, మాయత్తా కాల్సింది" అందామె. వెంట వచ్చిన కొడుకు అందరిముందూ తల్లిని తిట్టడం మొదలుపెట్టాడు. డాక్టరు అతన్ని ఆపాడు. తిట్లు తిన్న మనిషి మళ్ళీసారి చుట్టను దాస్తుంది, పుండునూ దాస్తుంది. ఆయన ఇది చాలామందిలో చూశాడు.

అదే డాక్టరు దగ్గరికి వచ్చిన, కవిటి వైపు జీడితోటల్లో కూలికి వెళ్ళే నలభై ఏళ్ళ మనిషి కథ వేరు. షుగర్ లేదు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ మాత్రం ఆరు దాటింది; మామూలుగా ఒకటికి అటూఇటూ ఉండాలి. "నానేటి తప్పు సేసినాను బాబూ? సుట్ట ముట్టను, సారా ముట్టను."

దీనికి జవాబు ఆయన దగ్గరే కాదు, ఎవరి దగ్గరా లేదు. కవిటి, సోంపేట, కంచిలి, పలాస, మందస, వజ్రపుకొత్తూరు... ఉద్దానం ప్రాంతమంతటా దశాబ్దాలుగా కిడ్నీలు పాడవుతున్నా అసలు కారణం తేలలేదు. నీళ్ళు, ఎండదెబ్బ, పురుగుమందులు అన్నీ అనుమానాలే. శ్రీలంక వరి రైతుల్లో, నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు కూలీల్లో కూడా ఇలాంటి జబ్బే ఉంది. తెలియని దానికి, తప్పించుకోలేని దానికి మనిషిని బాధ్యుణ్ణి చేయడం అన్యాయం. 'మీ ఆరోగ్యం మీ చేతుల్లోనే' అని ఈ ఊళ్ళ గోడలమీద రాయడం కూడా అన్యాయమే. హిరమండలం నుంచి మంచినీటి పథకం, పలాసలో కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమయ్యేసరికి 2023 డిసెంబరు వచ్చింది. అవి ఒక కూలీ చేతుల్లో ఉన్న పనులా?

అలాగని అతని చేతుల్లో ఏమీ లేదనడమూ అతన్ని చిన్నబుచ్చడమే. చొక్కా జేబులోంచి సగం వాడిన డైక్లోఫినాక్ నొప్పిమాత్రల అట్ట బయటపడింది. చీటీ లేకుండానే మందుల షాపులో ఇచ్చారు. రాత్రి ఒకటి వేసుకుంటే తెల్లారి పనికి లేవగలుగుతాడు. పాడైన కిడ్నీకి ఆ మాత్ర విషంతో సమానం. అది మానడం అతని వంతని డాక్టరు గట్టిగానే చెప్పాడు. నొప్పి మరీ ఎక్కువైతే పారాసెటమాల్ రాసిచ్చాడు.

అతను మానేశాడు. మానేశాక కొన్ని రోజులు పనికి లేవలేకపోతున్నాడు, ఆ రోజుల కూలి పోతోంది. బాధ్యత గురించి ఉపన్యాసాలిచ్చే వాళ్ళెవరూ ఆ కూలి లెక్క వెయ్యరు. ఈ డాక్టరు మాత్రం అతను వచ్చినప్పుడల్లా క్రియాటినిన్ కాగితం కంటే ముందు ఆ సంగతే అడుగుతున్నాడు.